శూన్యానికి ఎన్ని పేర్లు: అరబ్బీ, ఆంగ్ల భాషలలో పాడు, ఖాళీ, పరిత్యాగాలను తెలిపే పదాలు

కర్ణాటక, తెలంగాణ, మరాఠ్వాడా కలిసే జిల్లాలలో భూమి కాగితాలతో పరిచయమున్న రైతుకు 'బేచిరాకు గ్రామం' అనే మాట కొత్త కాదు. అటువంటి గ్రామానికి పటంలో పేరు ఉంటుంది, ఎల్లలు ఉంటాయి, సర్వే నంబర్లు ఉంటాయి. ఇల్లు మాత్రం ఒక్కటి కూడా ఉండదు. ఈ మాట పారశీకం నుంచి వచ్చినది. 'బే' అనగా లేనిది, 'చిరాగ్' అనగా దీపం. దీపం వెలగని ఊరు అని అర్థం. సర్కారు దఫ్తరాలలో ఇంతటి కవిత్వం దాగిన మాట మరొకటి దొరకడం కష్టం. మరాఠీలో ఇదే మాట 'బేచిరాఖ్'గా మారి, బూడిదను తెలిపే 'రాఖ్' ధ్వని తోడై, కాలి నాశనమైనది అనే అర్థంలో స్థిరపడింది.

ఈ మాటకు పక్కనే అరబ్బీ మూలం గల మాటలు మరికొన్ని కనిపిస్తాయి. సాగుకు పనికిరాని నేల 'ఖరాబు'. మనుషులు లేని ఇల్లు 'ఖాళీ'. హక్కుదారు లేని ఆస్తి 'లావారిసు'. అసలు 'వారసుడు' అనే మాటే అరబ్బీ 'వారిస్' నుంచి వచ్చినదని చెబితే చాలామంది నమ్మరు. డు ప్రత్యయం చేరి అది అంతగా తెలుగైపోయింది. అవే కాగితాల మీద ఆంగ్లేయుల కాలం నుంచి 'వేస్టు', 'వేకెంటు', 'అబాండన్డు' అనే మాటలు కూడా చేరాయి. ఇట్లు రెండు దూరదేశపు భాషలలో శూన్యాన్ని చెప్పే పదాలు దక్కను నేల మీద ఒకే పుటలో కలిసి కూర్చున్నవి. ఈ పదాలు తమ సొంత ఇంటిలో ఏమి చెప్పేవో చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. 'ఇక్కడ ఏమీ లేదు' అని ఊరక చెప్పే మాట ఆ రెండు భాషలలోనూ అరుదు. ఎవరు ఉండేవారు, ఎవరు వెళ్ళిపోయారు, ఎవరు రావలసి ఉన్నది అనే జాడ ఏదో ఒకటి మాట లోపల మిగిలే ఉంటుంది.

గుడారం లేచిన చోటు

అరబ్బీ కవిత్వం పాడుబడిన చోటు నుంచే మొదలవుతుందనడం పెద్ద అతిశయోక్తి కాదు. ఇస్లాం మతానికి పూర్వం నుంచి వచ్చిన 'ముఅల్లకాత్' అనే ప్రసిద్ధ దీర్ఘకవితలలో ఒక ఆచారం కనిపిస్తుంది. ఎడారిలో ప్రయాణం చేస్తున్న కవి ఒకచోట ఒంటెను ఆపుతాడు. ఒకప్పుడు ప్రియురాలి తెగవారు గుడారాలు వేసుకున్న చోటు అది. నీరు, మేత అయిపోగానే వారు లేచి వెళ్ళిపోయారు. మిగిలిన గుర్తులను చూచి కవి దుఃఖిస్తాడు. ఇమ్రు ఉల్ ఖైస్, లబీద్ వంటి కవుల కావ్యాలకు ఇదే ప్రారంభం.

ఆ గుర్తులకు అరబ్బీలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు ఉన్నది. నేల మీద కొంచెం ఎత్తుగా నిలిచి కనిపించే శిథిలం 'తలల్', దాని బహువచనం 'అత్‌లాల్'. నేలతో సమంగా కలిసిపోయిన గుర్తు 'రస్మ్', బహువచనం 'రుసూమ్'. పేడ, బూడిద పడి నల్లబడిన నేల 'దిమ్న'. వాననీరు లోపలికి రాకుండా గుడారం చుట్టూ తవ్విన చిన్న కాలువ 'నుఅయ్'. కుండ పెట్టడానికి పేర్చిన మూడు పొయ్యి రాళ్ళు 'అసాఫీ'. మూడు రాళ్ళ పొయ్యి మీద వంట వండిన ఇల్లాలికి ఈ చివరి మాటను వివరించనక్కరలేదు. మనుషులు వెళ్ళిపోయిన తరువాత అన్నిటికంటె చివరిదాకా నిలిచేవి ఆ రాళ్ళే.

ఈ శిథిలాల మాటలలో రెండు తెలుగువారి నోట రోజూ పలుకుతున్నాయి. నేలమీద మిగిలిన గుర్తు అనే అర్థం గల 'రస్మ్' క్రమంగా గీత, రాత, ఆనవాయితీ అనే అర్థాలను పొంది, ఆనవాయితీగా చెల్లించే సొమ్ము అనే అర్థంలో బహువచన రూపంతో దక్కనుకు వచ్చింది. దరఖాస్తుతో కట్టే 'రుసుము' ఇదే. రెండవది 'అఫా' అనే క్రియ. గాలికి ఇసుక కప్పి గుర్తులు చెరిగిపోవడాన్ని కవులు ఈ క్రియతో చెప్పారు. తప్పును చెరిపివేయడం, అనగా క్షమించడం కూడా అదే క్రియ. ఆ ధాతువు నుంచి వచ్చినదే 'మాఫీ'. రుణమాఫీ అన్నప్పుడు ఇసుక కప్పిన పొయ్యి రాళ్ళు ఎవరికీ గుర్తుకు రావు. రావలసిన పని కూడా లేదు.

ఆచారం ముదిరిన కొద్దీ ఎగతాళికి కూడా గురి అయింది. బాగ్దాదు నగర జీవితాన్ని, మద్యాన్ని పాడిన అబూ నువాస్ అనే కవి, ఎనిమిదవ శతాబ్దపు చివర, ఎప్పుడూ చూడని శిథిలాల ముందు నిలబడి ఏడ్చే కవులను బాహాటంగా వెక్కిరించాడు. అయినా ఆ మాట చావలేదు. ఈజిప్టు గాయని ఉమ్మ్ కుల్సూమ్ 1966లో పాడిన అత్యంత ప్రసిద్ధ గీతం పేరు 'అల్ అత్‌లాల్'. ఇబ్రాహీం నాజీ రచనకు రియాద్ అల్ సున్‌బాతీ బాణీ కట్టాడు. అందులో గుడారాలు లేవు, ఒంటెలు లేవు. చెదిరిన ప్రేమే అక్కడ శిథిలం.

ఖరాబ్, ఇమారత్

తెలుగులో 'ఖరాబు' అంటే చెడిపోయినది. పాలు ఖరాబవుతాయి, యంత్రం ఖరాబవుతుంది, కొందరికి బుర్ర కూడా ఖరాబవుతుంది. అరబ్బీలో ఈ మాట ఇంత చౌక కాదు. జనావాసం నాశనమై పాడుబడటమే 'ఖరాబ్'. దీనికి ఎదురుమాట 'ఉమ్రాన్': జనం కూడి, కట్టి, దున్ని, నిలబెట్టుకున్న బ్రతుకు. పద్నాలుగవ శతాబ్దంలో ఉత్తరాఫ్రికా చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ తన 'ముఖద్దిమ' అనే గ్రంథంలో ఈ రెండు మాటల మధ్యనే చరిత్రను నడిపించాడు. పాలకుల దౌర్జన్యం జనావాసాన్ని ఖరాబు చేస్తుందని చూపడానికి ఆయన ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. ఆయన వాదం ధర్మోపన్యాసం కాదు, లెక్క. సొమ్ము నిలవదని తెలిసినవాడు దున్నడు. దున్నేవాడు లేనిచోట సంత ఉండదు. సంత లేని ఊరు నిలవదు. 'ఉమ్రాన్'కు చుట్టమైన 'ఇమారత్' తెలుగులో 'ఇమారతు'గా మిగిలింది. పాతకాలపు పెద్ద మేడను ఇమారతు అని, కూలిన గోడను ఖరాబు అని అనేవారు తెలియకుండానే ఇబ్న్ ఖల్దూన్ జోడు పదాలను పలుకుతున్నారు.

పారశీక కవుల చేతిలో ఈ మాట మరో మలుపు తిరిగింది. ఊరి వెలుపలి పాడుగోడల మధ్య సాగే మద్యశాల 'ఖరాబాత్' అయింది. లోకం కళ్ళలో చెడినవాడే సత్యానికి దగ్గర అని చెప్పదలచిన సూఫీలకు ఆ మాట ఎంతగానో అక్కరకు వచ్చింది.

ఖాళీ ఎవరికి?

'ఖాలీ' అనే మాటకు మూలం ఖ, ల, వ అనే మూడు అక్షరాల ధాతువు. అదే ధాతువు నుంచి 'ఖలా' అనగా ఎదుట ఏమీ అడ్డులేని బయలు. 'ఖల్వత్' అనగా ఏకాంతం. సూఫీ సాధకుడు నలభై రోజులు ఒంటరిగా గడిపే గది కూడా అదే. పాత హిందీ చలనచిత్రాలలో పాదుషా చేయెత్తి 'తఖ్‌లియా' అనగానే సభ ఖాళీ అవుతుంది. మర్యాదగా మరుగుదొడ్డిని 'బైతుల్ ఖలా', అనగా ఏకాంతపు ఇల్లు, అనడం హైదరాబాదు ఉర్దూలో పరిచితమే. గల్ఫు దేశాలకు పనికి వెళ్ళిన కడప, నిజామాబాదు, కోనసీమల వారు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకునే 'ఖల్లివల్లి', అనగా 'పోనీలే, వదిలెయ్', కూడా ఈ ధాతువు బిడ్డయే. 'ఖల్లి' అంటే విడిచిపెట్టు అని ఆజ్ఞ. పని ముగిసిందని చెప్పే 'ఖలాస్' మాత్రం వేరే ధాతువుది. చెవికి ఒకటిగా తోచినా రెండింటికీ చుట్టరికం లేదు.

సరిహద్దుల్లో ఈ మాట వేషాలు వేరువేరు. తెలుగు దీనిని ళకారంతో 'ఖాళీ' చేసుకుంది. కన్నడం లకారాన్ని విడవక 'ఖాలి' అన్నది. తమిళం 'కాలి' అన్నది. ఒడియాలో 'ఖాలి' అంటే శూన్యం అనే కాక 'కేవలం' అని కూడా అర్థం. షోలాపూరు తెలుగువారికి తెలిసినట్లు మరాఠీలో 'ఖాలీ' అంటే ప్రధానంగా 'క్రింద'. ఊరికి కొత్తగా వచ్చిన తెలుగువాడు ఖాళీగా ఉన్న ఇల్లు అడిగితే క్రింది వాటా చూపించే ప్రమాదం ఉన్నది.

ప్రపంచ పటంలో ఈ మాట పెద్ద అక్షరాలలో ఉన్న చోటు ఒకటి. అరేబియా ద్వీపకల్పపు దక్షిణ భాగంలో సుమారు ఆరున్నర లక్షల చదరపు కిలోమీటర్ల ఇసుక సముద్రం 'రుబ్ అల్ ఖాలీ', అనగా ఖాళీగా ఉన్న నాలుగవ భాగం. బెర్ట్రామ్ థామస్ అనే ఆంగ్లేయుడు 1931లో దానిని దాటిన తొలి ఐరోపావాసిగా పేరుపొందాడు. మరుసటి సంవత్సరం సెయింట్ జాన్ ఫిల్బీ, 1940లలో విల్‌ఫ్రెడ్ థెసిజర్ ఆ ఇసుకలో తిరిగారు. వీరిలో ఎవరూ ఒంటరిగా దాటలేదు. బావులు ఎక్కడ ఉన్నవో, ఏ బావి నీరు ఒంటె మాత్రమే తాగగలదో తెలిసిన రాషిద్ తదితర తెగలవారు దారి చూపారు. అక్కడ ఒంటెలు మేపుకొని బ్రతికిన ఆ బెదూయిన్లు తమ నేలను ఖాళీ భాగం అనలేదు. 'ఇసుకలు' అని మాత్రమే అన్నారని థెసిజర్ రాసిపెట్టాడు. ఖాళీ అనే పేరు బయటి నుంచి చూచినవాడు పెట్టినది.

జంతువులు మిగిలిన చోటు

అరబ్బీలో 'వహ్‌ష్' అనగా అడవి మృగం. మనిషి లేక మృగాలు మాత్రమే తిరిగే చోట మనసుకు కలిగే బెదురు, వెలితి 'వహ్‌షత్'. దీనికి ఎదురుమాట 'ఉన్స్': తోడు మనిషి ఉన్నప్పటి నిబ్బరం. ఈజిప్టులో దూరాన ఉన్న ఆత్మీయునితో 'వహష్తినీ' అంటారు. 'నిన్ను తలచుకొని బెంగగా ఉన్నది' అనే అర్థంలో వాడినా, మాటకు మాట చెప్పుకుంటే 'నన్ను నిర్జనంలో పడేశావు' అని. ఉర్దూ గజళ్ళలో వహ్‌షత్ పిచ్చిగా, అడవులు పట్టిపోయే ప్రేమోన్మాదంగా మారింది.

ఇక ఆంగ్లానికి వెళితే 'విల్డర్‌నెస్' అనే మాట ఉన్నది. సాధారణంగా అడవి, బీడు అని అనువదిస్తారు. ప్రాచీన ఆంగ్లంలో 'వైల్డ్', 'దేఒర్' అనే రెండు మాటలు కలిసి ఇది ఏర్పడింది. 'దేఒర్' ఇప్పటి 'డీర్'కు పూర్వరూపం. అప్పట్లో జింక అని కాదు, ఏ మృగమైనా సరే. మృగాలది మాత్రమే అయిన చోటు విల్డర్‌నెస్. ఒకదానితో ఒకటి సంబంధంలేని రెండు భాషలు, ఒకటి ఇసుకలో, మరొకటి చలిదేశపు అడవిలో, నిర్జనత్వాన్ని ఒకే గుర్తుతో కొలిచాయి: అక్కడ మృగం ఉన్నది, మనిషి లేడు.

తీరిక, సెలవు, సున్న

ఇంతకంటె ఆశ్చర్యకరమైన పోలిక మరొకటి ఉన్నది. ఆంగ్లంలో 'ఎంప్టీ' అనే అతి సామాన్యమైన మాటకు మూలం ప్రాచీన ఆంగ్లపు 'ఎమెత్త'. దాని అర్థం తీరిక. పనిలేక తీరికగా ఉన్నవాడు ఎంప్టీ. ఆ తరువాతనే అది కుండకు, ఇంటికి పాకింది. అరబ్బీలో 'ఫరాగ్' అన్నా శూన్యం, తీరిక రెండూ. 'ఫారిగ్' అనగా పని ముగించి ఖాళీ అయినవాడు. 'ఈ పూట ఖాళీగా ఉన్నాను' అనే తెలుగువాడు కూడా ఇదే దారిలో నడుస్తున్నాడు. ఈ 'ఫారిగ్'కు రాత అనే అర్థం గల 'ఖత్' చేరి హక్కు విడుదల పత్రానికి పేరైంది. తెలుగు, తమిళ దేశాల పాత దస్తావేజులలో కనిపించే 'ఫారికత్తు' లేదా 'పారికత్తు' అదే. ఆస్తి మీద గాని, భార్య మీద గాని ఇక తనకు హక్కు లేదని రాసి చేతులు దులుపుకోవడం.

ఆంగ్లంలో 'వేకెంటు', 'వాక్యూమ్', 'వెకేషన్' మూడూ లాటిన్ 'వకారె' సంతానం. ఖాళీ కుర్చీ, గాలిలేని గొట్టం, బడి సెలవు ఒకే కుటుంబం. యానాం పెద్దలు ఫ్రెంచివారి నుంచి విన్న 'వకాఁస్' కూడా దీని చెల్లెలే. అరబ్బీలో సెలవు 'ఉత్ల', ఉర్దూలో 'తాతీల్'. ఈ ధాతువుకే చెందిన 'ముఅత్తల' అనే విశేషణం ఖురానులో ఒక బావికి చేర్చబడింది: చేదేవారు లేక విడిచిన బావి. బడి పిల్లల సెలవు, ఎండని నీటితో ఒంటరిగా మిగిలిన బావి ఒకే మాటలో ఇమడటం నిఘంటువులు చదివేవారికి మాత్రమే దొరికే వింత.

శూన్యపు మాటలలో భారతదేశం నుంచి వెళ్ళినది కూడా ఒకటున్నది. సంస్కృత గణితంలోని 'శూన్యం' అరబ్బులకు అందినప్పుడు వారు ధ్వనిని కాక అర్థాన్ని తీసుకొని, ఖాళీ అనే అర్థం గల తమ సొంత మాట 'సిఫ్ర్'ను వాడారు. ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి 1202లో రాసిన గ్రంథంలో దానిని లాటిన్‌లోకి 'జెఫిరుమ్'గా తెచ్చాడు. అది అరిగి 'జీరో' అయింది. మరో దారిన వెళ్ళినది 'సైఫర్' అయి, మొదట సున్న అనే అర్థంలోను, తరువాత రహస్య లిపి అనే అర్థంలోను నిలిచింది. తెలుగు మాత్రం ప్రాకృతం మీదుగా 'సున్న' అని ఇంటి మాటనే ఉంచుకుంది.

మంచిపేరు పెట్టుకోవడం

నీళ్ళు దొరకని ప్రాణాంతకమైన ఎడారికి అరబ్బీలో ఉన్న పేర్లలో 'మఫాజ' ఒకటి. దాని ధాతువుకు గెలుపు, క్షేమంగా బయటపడటం అని అర్థం. చావును పిలవడం ఇష్టంలేక శుభం కోరి ఆ పేరు పెట్టారని, పాము కరిచినవాడిని 'సలీమ్', అనగా క్షేమంగా ఉన్నవాడు, అని పిలిచినట్లే ఇదీ అని పాత నిఘంటుకారులు వివరించారు. కొందరు దీనిని ఒప్పుకోక, చనిపోవడం అనే అర్థం గల వేరొక క్రియ నుంచి తీశారు. మొదటి వివరణే తెలుగువారికి నచ్చుతుంది. దీపం ఆరిందనకుండా కొండెక్కిందని అనే ఇళ్ళలో పెరిగినవారికి మఫాజ అర్థం కావడానికి నిఘంటువు అక్కరలేదు.

ఆంగ్ల పదాలలో విడిపోవడం

ఆంగ్లంలో ఈ కోవ పదాలు చాలావరకు లాటిన్, ఫ్రెంచి భాషల నుంచి వచ్చినవి. వాటిలో నేల కంటె బంధమే ఎక్కువగా కనిపిస్తుంది. 'డెసొలేట్'లో ఉన్నది 'సోలుస్', ఒంటరి. 'డిజర్ట్' అంటే ఇసుక అని కాదు. కలిపి కుట్టినదాన్ని విప్పడం అని లాటిన్ అర్థం. అందుకే సైన్యాన్ని వదిలి పారిపోయినవాడు 'డిజర్టర్'. రాబిన్‌సన్ క్రూసో కథలోని దీవి వంటివాటిని ఆంగ్లంలో 'డిజర్ట్ ఐలాండ్' అంటే, పచ్చగా చెట్లున్న దీవిని 'ఎడారి దీవి' చేసిన తెలుగు అనువాదకులు ఉన్నారు. నిర్జన ద్వీపం అనడమే సరి. 'రూయిన్' కూలడం. 'ఫర్‌సేక్' మొదట తగవుకు సంబంధించిన మాట; ఎదిరించి కాదనడం. 'అబాండన్' ఫ్రెంచివారి 'ఆ బాన్‌దోన్' నుంచి వచ్చింది: ఒకరి అధీనానికి అప్పగించడం. విడిచిపెట్టడం అంటే మరొకరి చేతిలో పెట్టడమే అని ఆ మాట పుట్టుకలోనే ఉన్నది.

'వేస్ట్' కథ వేరు. లాటిన్ 'వాస్తుస్' అనగా ఖాళీ, పాడు. విశాలమైనది అని చెప్పే 'వాస్ట్', సర్వనాశనం అని చెప్పే 'డెవాస్టేట్' దీని తోబుట్టువులు. 1922లో టి.ఎస్. ఎలియట్ ప్రచురించిన ప్రసిద్ధ కావ్యం పేరులోని ఈ మాటను అరబ్బీ అనువాదకులు ఒకరు 'ఖరాబ్' అన్నారు, మరొకరు 'యబాబ్' అన్నారు. యబాబ్ అనేది అరబ్బీలో ఖరాబుకు జంటగా పలికే పాత మాట. అందులో పూర్తిగా ఎండిపోయిన ధ్వని ఉన్నది. ఏది మేలు అనే తర్కం అరబ్బీ విమర్శకులలో చాలాకాలం సాగింది.

రాతకెక్కిన శూన్యం

కవి నోట ఉన్నంతవరకు ఈ పదాల వలన ఎవరికీ నష్టం లేదు. రికార్డులోకి ఎక్కిన తరువాతనే వాటికి కోరలు వస్తాయి. నార్మండీ నుంచి వచ్చి ఇంగ్లండును జయించిన మొదటి విలియం 1069, 1070 సంవత్సరాలలో ఉత్తర ప్రాంతపు తిరుగుబాటును అణచడానికి ఊళ్ళను, పంటలను తగులబెట్టించాడు. 1086లో ఆయన చేయించిన 'డూమ్స్‌డే' భూమి లెక్కలలో యార్క్‌షైరు గ్రామాలకు ఎదురుగా 'వాస్త' అని పదేపదే రాసి ఉన్నది. ఆ మాటకు ఊరు నిజంగా కాలిపోయిందని అర్థమా, లేక పన్ను రాలేదని మాత్రమే అర్థమా అనే విషయం మీద చరిత్రకారులలో నేటికీ వాదం ఉన్నది. పన్ను లెక్క రాసేవాడికి ఆ రెంటికీ తేడా లేకపోవడమే ఇక్కడి అసలు సంగతి.

ఇస్లామిక ధర్మశాస్త్రంలో ఎవరి అనుభవంలోనూ లేని నేలకు 'మవాత్' అని పేరు. చచ్చిన నేల అని అర్థం. దానిని సాగులోకి తెచ్చినవాడు దానికి ప్రాణం పోసినట్లు, అతనికి హక్కు కలుగుతుంది. 1858 నాటి ఉస్మానియా తుర్కుల భూచట్టం మవాత్ దూరాన్ని కొలిచిన తీరు చక్కనిది: ఊరి చివర నిలబడి గట్టిగా అరిస్తే ఆ కేక వినబడనంత దూరం. 1921లో పాలస్తీనాలోని బ్రిటిషు ప్రభుత్వం ఒక శాసనం తెచ్చి, అనుమతి లేకుండా మవాత్‌ను సాగుచేస్తే హక్కు కలగదని చెప్పింది. చచ్చిన నేల ఆ రోజుతో సర్కారు నేల అయింది.

అదే దేశంలో 'ఖిర్బ' అనే మాట మరొక చిక్కు తెచ్చింది. ఖరాబ్ ధాతువుదే, శిథిలం అని అర్థం. 1870లలో ఆంగ్లేయ సర్వేదారులు తయారుచేసిన పటాలలో వందలాది చోట్లకు ఈ పేరు ఉన్నది. మృత సముద్రపు ప్రాచీన గ్రంథపు చుట్టలు బయటపడిన కుమ్రాన్ పూర్తి పేరు 'ఖిర్బత్ కుమ్రాన్'. అయితే ఖిర్బలన్నీ నిర్జనమైనవి కావు. కొండమీది పెద్ద ఊరివారు విత్తనాల వేళ, కోతల వేళ దిగివచ్చి పాత గోడల మధ్య నెలల తరబడి కాపురముండేవారు. కొన్ని ఖిర్బలు నిలిచిన ఊళ్ళే అయ్యాయి. పటం చదివేవాడికి శిథిలం, పంట కోసేవాడికి రెండవ ఇల్లు. 1948 యుద్ధం తరువాత అక్కడ మరొక మాట పుట్టింది. ఇల్లు వదిలి పోయినవారి ఆస్తి గురించి ఇజ్రాయెల్ 1950లో చేసిన చట్టం ప్రకారం, దేశం లోపలే ఉండి తమ ఊరికి దూరమైన అరబ్బులు కూడా 'లేనివారు' కిందకే వచ్చారు. వారిని అరబ్బీలో 'హాజిర్ గాయిబ్' అన్నారు. హాజరు, గాయబు అనే మాటలు రెండూ తెలిసిన తెలుగు పాఠకునికి అనువాదం అవసరం లేదు.

భారతదేశంలో ఈ పని చేసిన మాట 'వేస్టు'. ఆంగ్లేయ పాలకులు శిస్తు కట్టని నేలను వేస్టు అన్నారు; అది పశువుల మేతకు, వంటచెరకుకు, శ్మశానానికి వాడుకలో ఉన్నా సరే. 1863లో చేసిన 23వ చట్టం అటువంటి నేలను సర్కారు అమ్మదలచినప్పుడు, హక్కు ఉన్నదనేవారు గడువులోగా వచ్చి చెప్పుకోవాలని విధించింది. ప్రకటన చదవడం రాని పశుల కాపరికి ఆ గడువు ఎట్లా తెలియాలి అనేది చట్టం పట్టించుకోలేదు.

మన దఫ్తరాలలో

సి.పి. బ్రౌను తన తెలుగు నిఘంటువుకు తోడుగా 1854లో ప్రత్యేకంగా మిశ్రభాషా నిఘంటువును ప్రచురించడానికి కారణం ఈ మాటల రద్దీయే. కచేరీలో తెలుగువాడు పలికే మాటలలో సగం అరబ్బీ, పారశీకాలవి కావడంతో అవి తెలియక న్యాయం జరగదని ఆయన గ్రహించాడు. ఆ మాటలు నేటికీ దిగిపోలేదు. తమిళ, తెలుగు ప్రాంతాల గ్రామ లెక్కలలో వాడే 'ఫసలీ' సంవత్సరం అక్బరు కాలంలో హిజ్రీ లెక్క నుంచి పుట్టినది. హిజ్రీకి మూలమైన 'హిజ్ర' అంటే 622లో ముహమ్మదు ప్రవక్త మక్కాను విడిచి మదీనాకు వెళ్ళడం. ధాతువుకు అర్థం విడిచిపెట్టడం. అడంగలు మీద ఫసలీ రాసిన ప్రతిసారీ కరణం ఒక పరిత్యాగం నుంచే ఏళ్ళు లెక్కపెట్టాడు.

కర్ణాటకలో 1966 నాటి భూమి శిస్తు నిబంధనల ప్రకారం ఖరాబు రెండు రకాలు. 'ఎ' ఖరాబు సాగుకు పనికిరానిది. కళ్ళం, కొట్టం వంటివి దీని కిందకు వస్తాయి. 'బి' ఖరాబు ప్రజల అవసరాలది: బాట, చెరువు, వాగు, శ్మశానం, కుమ్మరులకు వదిలిన నేల. పేరును బట్టి ఏమీ లేని నేలగా తోచేది నిజానికి ఊరందరిదీ. భూమి ధర పెరిగిన చోట్ల తగవులు ఎక్కువగా ఈ ఒక్క అక్షరం దగ్గరే వస్తాయి. తమిళం నుంచి తెలుగులోకి వచ్చిన 'పోరంబోకు' కూడా ఇటువంటిదే. శిస్తు లెక్కకు వెలుపల పోయిన నేల అని మాత్రమే దాని అర్థం. మాట మనుషుల మీదకు మళ్ళి తిట్టుగా మారడంతో నేలకు కూడా గౌరవం పోయింది.

దేశీయమైన మాట ఒకటి ఈ మూడు నాలుగు భాషలనూ కలుపుతుంది. తమిళంలో 'పాళ్', తెలుగులో 'పాడు', కన్నడంలో పకారం హకారమై 'హాళు'. 1565 యుద్ధం తరువాత నిర్జనమైన విజయనగరాన్ని కన్నడిగులు 'హాళు హంపె' అన్నారు. కరువులు, ప్లేగు, జలాశయాల ముంపు వలన ఇట్లు పాడుబడిన ఊళ్ళు తుంగభద్రకు రెండు వైపులా ఉన్నవి. 1876 నుంచి 1878 వరకు సాగిన మహా కరువులో బళ్ళారి, కర్నూలు, అనంతపురం, రాయచూరు ప్రాంతాలు ఎంతగానో నలిగిపోయాయి. అటువంటి చోట్ల ఇళ్ళు మట్టిలో కలిసినా ఆంజనేయుని గుడి తరచు మిగిలి ఉంటుంది. పక్క ఊళ్ళకు తరలిపోయిన వంశాలవారు ఏటా వచ్చి కొబ్బరికాయ కొట్టి, ఆ పూటకు దీపం పెట్టి వెళతారు. రికార్డులో ఆ ఊరు బేచిరాకే. పాత ఇంటి దిబ్బల మట్టిని పాటిమన్ను అని బండ్లలో తోలుకొనిపోయి పొలాలకు ఎరువుగా చల్లడం కూడా రైతులకు తెలిసినదే.

2011 జనాభా లెక్కలలో దేశం మొత్తం మీద 6.40 లక్షలకు పైగా గ్రామాలు నమోదు కాగా, వాటిలో సుమారు 43 వేలు జనం లేనివి. వాటిలో ప్రతి ఊరికీ సొంత పేరు, సొంత సంకేత సంఖ్య, కొలిచిన విస్తీర్ణం ఉన్నవి. జనాభా గడిలో సున్న వేసి ఉన్నది.